సహనం నుండి ఎరుక వైపు: ఖుర్ఆన్ సామరస్య భావన – తెలుగు పదాల పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇస్లాం బోధనల గురించి తెలుగులో రాసేటప్పుడు శాంతి, సహనం, ఆరాధన, సామరస్యం అనే నాలుగు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఈ మాటల వెనుక ఉన్న అరబ్బీ పదాల అర్థపరిధి, తెలుగు పదాల అర్థపరిధి అన్నిచోట్లా ఒకటి కాదు. ముఖ్యంగా 'సహనం' అనే మాట రెండు వేర్వేరు భావాలను ఒక్కటిగా చూపుతున్నది. ఖుర్ఆన్‌లోని సామరస్య భావనకు ఓర్పు కంటే పరస్పర ఎరుక ఆధారమని, ఆ ఎరుకకు ఆరాధనతో విడదీయరాని సంబంధం ఉన్నదని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఇస్లాం, సలాం, సబ్ర్, తఆరుఫ్, ఆరాధన, పొరుగువారు, పీర్ల పండుగ, సామరస్యం.

1. ఉపోద్ఘాతం

ఒక మతగ్రంథం మరొక భాషలోకి వచ్చినప్పుడు దాని భావాలు ఆ భాషలో అప్పటికే ఉన్న మాటల దుస్తులు ధరిస్తాయి. ఆంధ్ర భాషా చరిత్రము రాసిన చిలుకూరి నారాయణరావు 1920వ దశకంలోనే ఖుర్ఆన్‌ను తెలుగు చేశారు. ముస్లిమేతరుడైన ఒక భాషాశాస్త్రవేత్త ఈ పనికి పూనుకోవడం తెలుగు సాహిత్య చరిత్రలో గమనించదగిన విషయం. తరువాతి కాలంలో ముస్లిం పండితుల అనువాదాలు వచ్చాయి. ఈ కృషి ఫలితంగా ఇస్లామీయ భావాలను చెప్పడానికి తెలుగులో ఒక పదజాలం స్థిరపడింది. స్థిరపడిన మాటలను మళ్ళీ పరిశీలించే అవసరం సాధారణంగా కనిపించదు. అయితే మతసామరస్యం వంటి సున్నితమైన విషయంలో మాటలోని చిన్న తేడా కూడా ఆలోచనలో పెద్ద తేడాకు దారి తీస్తుంది.

2. శాంతి: సలాం, ఇస్లాం

'ఇస్లాం అంటే శాంతి' అనే నిర్వచనం వేదికల మీద బాగా ప్రచారంలో ఉన్నది. ఇది సగం మాత్రమే సరైనది. 'ఇస్లాం', 'సలాం' రెండూ స-ల-మ అనే ఒకే ధాతువు నుండి పుట్టాయి. కాని 'ఇస్లాం' అనే రూపానికి నేరుగా వచ్చే అర్థం అర్పించుకోవడం, దైవానికి విధేయుడు కావడం. శాంతి దానికి పర్యాయపదం కాదు. ఆ విధేయత వలన సిద్ధించవలసిన స్థితి. దైవనామాలలో 'సలాం' ఒకటి (59:23). ముస్లింలు ఒకరినొకరు పలకరించుకునే మాటలోనూ, నమాజు ముగింపులో కుడి ఎడమలకు తల తిప్పి పలికే మాటలోనూ ఇదే పదం ఉన్నది.

ఈ తేడాను గుర్తించడం వలన ప్రయోజనం ఉన్నది. శాంతి అనేది మతం పేరులోనే సిద్ధంగా ఉన్న గుణమైతే అనుయాయికి చేయవలసిన పని ఏమీ మిగలదు. అది విధేయత ద్వారా సాధించవలసిన ఫలమైతే ప్రతి ఆచరణనూ ఆ కొలతతో పరీక్షించవలసి వస్తుంది.

3. సహనం: ఒక మాట, రెండు భావాలు

తెలుగులో 'సబ్ర్' అనే ఖుర్ఆన్ పదానికి సహనం, ఓర్పు అనే మాటలు వాడుతున్నారు. కష్టంలో చలించకుండా నిలబడడం దాని అర్థం. సబ్ర్‌తోనూ నమాజుతోనూ సహాయం కోరుకొమ్మని ఖుర్ఆన్ విశ్వాసులకు చెబుతుంది (2:153). 'పరమతసహనం' అన్నప్పుడు కూడా తెలుగువారు ఇదే మాట వాడుతారు. దీనితో ఇతర మతస్థుల ఉనికి కూడా ఓర్చుకోవలసిన ఒక కష్టమనే ధ్వని తెలియకుండానే వచ్చి చేరుతుంది. రోగాన్ని సహిస్తాం, ఎండను సహిస్తాం. పొరుగువారిని కూడా సహిస్తున్నామని చెప్పడం వారికి గౌరవం కాదు.

నేటి అరబ్బీలో మతసహనానికి వాడే 'తసాముహ్' అనే పదం మూలంలో ఔదార్యాన్ని సూచిస్తుంది. ఆ పదం ఖుర్ఆన్‌లో కనిపించదు. మానవ వైవిధ్యం గురించి చెప్పే ప్రసిద్ధ వాక్యంలో (49:13) ఖుర్ఆన్ వాడిన క్రియ 'తఆరుఫ్' అనే భావానికి చెందినది. మానవులందరూ ఒక స్త్రీపురుషుల జంట నుండి పుట్టారని, వారు జాతులుగా తెగలుగా ఏర్పడింది ఒకరినొకరు తెలుసుకోవడానికని, దైవం వద్ద గౌరవం భయభక్తులను బట్టే లభిస్తుందని ఆ వాక్య సారాంశం. ఈ క్రియారూపం పరస్పరత్వాన్ని తెలుపుతుంది. ఒకరు తెలుసుకొని మరొకరు తెలియబడడం కాదు, ఇరువురూ తెలుసుకోవడం. ఇదే ధాతువు నుండి వచ్చిన 'మఅ్‌రూఫ్' అనే పదం మంచికి వాడుక. అందరి ఎరుకలో ఉన్నది అని దాని మూలార్థం.

తెలుగులో ఈ భావానికి దగ్గరగా వచ్చే మాట 'ఎరుక'. అందులో పరిచయం ఉన్నది, జ్ఞానం కూడా ఉన్నది. సహనానికి ఎదుటివారి గురించి ఏమీ తెలియనవసరం లేదు. ఎరుకకు మాత్రం వారి గడప దాకా వెళ్ళక తప్పదు.

4. ఆరాధనకు కొలమానం

ఆరాధన దైవానికి సంబంధించినది, సామరస్యం సమాజానికి సంబంధించినది అనే విభజన సాధారణంగా కనిపిస్తుంది. ఖుర్ఆన్‌లోని 107వ సూరా 'అల్ మాఊన్' ఈ విభజనను అంగీకరించదు. ఏడు చిన్న వాక్యాల ఈ సూరా ధర్మాన్ని తిరస్కరించేవాడు ఎవరు అనే ప్రశ్నతో మొదలవుతుంది. సమాధానంలో విగ్రహారాధన ప్రస్తావన గాని, సిద్ధాంత భేదం గాని లేదు. అనాథను గెంటివేసేవాడు, పేదకు అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడు అని ఉన్నది. ఆ వెంటనే నమాజు చేస్తూనే దాని పట్ల అశ్రద్ధగా ఉండేవారిని, పదిమంది చూడాలని చేసేవారిని హెచ్చరిస్తుంది. చివరి వాక్యంలో వారి మీద మోపిన నేరం 'మాఊన్' ఇవ్వకపోవడం. ఇరుగుపొరుగు అడిగి పుచ్చుకునే గిన్నె, గొడ్డలి, ఉప్పు వంటి చిన్న అవసరాలని వ్యాఖ్యాతలు దీనిని వివరించారు. ఇంత చిన్న వస్తువు పేరు సూరాకే పేరు కావడం విశేషం. నమాజు నిజాయితీని చేబదులు ఇచ్చే గిన్నెతో కొలవడం ఇక్కడి తీర్పు.

ముఖాన్ని తూర్పుకో పడమరకో తిప్పడమే పుణ్యం కాదని చెప్పే వాక్యం (2:177) కూడా విశ్వాసం తరువాత వెంటనే బంధువులకు, అనాథలకు, బాటసారులకు ధనమివ్వడాన్ని, ఆపైన నమాజును, జకాత్‌ను పేర్కొంటుంది. పొరుగువారిని ప్రస్తావించిన 4:36 వాక్యం దగ్గరి పొరుగును, పరాయి పొరుగును రెంటినీ విడివిడిగా చెప్పింది. ప్రవక్త అనుచరుడైన అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ ఇంట మేకను కోసినప్పుడు ఆయన తన యూదు పొరుగువారికి అందులో వాటా పంపారా అని అడిగిన సంఘటన హదీసు గ్రంథాలలో ఉన్నది. పొరుగు అనే మాటకు మతం హద్దు కాదని ఆయన గ్రహించారనడానికి ఇది నిదర్శనం.

5. నిర్బంధం, యుద్ధం: దాటవేయరాని ప్రశ్న

ధర్మంలో నిర్బంధం లేదనే వాక్యం (2:256) సామరస్య వ్యాసాలన్నింటిలో ఉంటుంది. దాని నేపథ్యంగా హదీసు సాహిత్యంలో చెప్పిన సందర్భం అంతగా ప్రస్తావనకు రాదు. బిడ్డలు దక్కని కొందరు మదీనా స్త్రీలు, బిడ్డ బతికితే యూదుల మధ్య పెంచుతామని మొక్కుకునేవారు. బనూ నజీర్ తెగ మదీనా విడిచి వెళ్ళవలసి వచ్చినప్పుడు అలా పెరిగిన పిల్లలు వారిలో ఉన్నారు. తమ పిల్లలను వదులుకోలేమని తల్లిదండ్రుల పక్షం పట్టుబట్టినప్పుడు ఈ వాక్యం అవతరించిందని కథనం. కన్నవారి ప్రేమ కూడా విశ్వాసం విషయంలో బలవంతానికి కారణం కారాదనడం ఇందులోని లోతు.

ఇదే సందర్భం మరొక సత్యాన్ని కూడా చెబుతున్నది. 622 తరువాత మదీనాలో కుదిరిన ఒప్పందం యూదులకు వారి ధర్మం, ముస్లింలకు తమ ధర్మం అని గుర్తించింది. కాని ఆ సహజీవనం కొన్నేళ్ళలోనే ఘర్షణకు దారి తీసింది. ఖుర్ఆన్‌లో యుద్ధాన్ని ఆజ్ఞాపించే వాక్యాలు (9:5, 9:29) ఉన్నాయి. నిర్బంధం లేదనే వాక్యాన్ని యుద్ధ వాక్యాలు రద్దు చేశాయని పూర్వ వ్యాఖ్యాతలలో కొందరు భావించారు, మరికొందరు అంగీకరించలేదు. వీటి ఊసెత్తకుండా రాసిన సామరస్య వ్యాసం మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

పాఠంలోనే దీనికి సమాధానం వెదకవచ్చు. 9:5 తరువాతి వాక్యమే, శరణు కోరిన బహుదైవారాధకునికి శరణిచ్చి, దైవవాక్యం వినిపించి, అతనికి సురక్షితమైన చోటుకు చేర్చమంటుంది. అతడు విశ్వసించాలనే షరతు అక్కడ లేదు. ధర్మం కారణంగా మీతో పోరాడనివారి పట్ల, మిమ్మల్ని ఇళ్ళ నుండి వెళ్ళగొట్టనివారి పట్ల మంచితనంతో, న్యాయంతో మెలగడాన్ని దైవం నిషేధించలేదని 60:8 వాక్యం స్పష్టం చేసింది. ఇక్కడ గీసిన గీత విశ్వాసానికి, అవిశ్వాసానికి మధ్యది కాదు. దౌర్జన్యానికి, సహజీవనానికి మధ్యది.

6. తెలుగు నేల మీద ఎరుక

తఆరుఫ్ అనే భావన తెలుగు ప్రాంతంలో రెండు విధాలుగా రూపం దాల్చింది. మొదటిది రచన. పిఠాపురానికి చెందిన సూఫీ పీఠాధిపతి, కవి ఉమర్ ఆలీషా (1885–1945) సూఫీ వేదాంతం గురించి రాశారు, అనసూయ కథను నాటకంగానూ రాశారు. చిలుకూరివారు ఖుర్ఆన్ వైపు నడిస్తే, ఆలీషా పురాణాల వైపు నడిచారు. ఎవరూ తమ ఇల్లు విడిచిపెట్టలేదు.

రెండవది పండుగ. మొహర్రం నెలలో తెలుగు పల్లెలలో జరిగే పీర్ల పండుగలో హిందువులు మొక్కులు చెల్లిస్తారు, పీర్లను మోస్తారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి ఆరాధనను అఫ్సర్ మహమ్మద్ తన ఆంగ్ల గ్రంథం 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' (2013)లో వివరంగా పరిశీలించారు. ఇటువంటి ఆచారాలు ఏకదైవారాధనకు విరుద్ధమనే సంస్కరణవాదుల అభ్యంతరం కూడా ఆ చర్చలో భాగం.

ఇక్కడ మన విమర్శ ఒక కఠినమైన ప్రశ్నను ఎదుర్కోవాలి. పీర్ల చావడికి దూరమైన ముస్లిం సామరస్యానికి దూరమైనట్లేనా? ఆరాధన కలిసినచోటే సామరస్యం ఉంటుందని భావిస్తే అవుననే చెప్పాలి. అప్పుడు తన విశ్వాసాన్ని నిష్ఠగా పాటించే ప్రతివాడూ అనుమానితుడవుతాడు. ఖుర్ఆన్ పాఠం ఈ షరతు పెట్టలేదు. ఎవరి ధర్మం వారిదని చెప్పిన గ్రంథమే (109:6) మంచిపనులలో పోటీపడమని కూడా చెప్పింది (5:48). పీర్ల పండుగను ప్రేమించేవారు, దానిని అంగీకరించనివారు ఇద్దరూ పొరుగింటి గిన్నె విషయంలో ఒకే పరీక్షకు నిలబడతారు.

7. ముగింపు

పై పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి. ఇస్లాం పదానికి శాంతి పర్యాయం కాదు, ఫలం. పరమతసహనం అనే మాట ఖుర్ఆన్‌లోని తఆరుఫ్ భావనను పూర్తిగా అందించలేదు. పరస్పర ఎరుక అనే మాట దానికి చేరువ. ఆరాధన విలువ పొరుగువారి పట్ల ప్రవర్తనలో తేలుతుంది. సామరస్యానికి ఆరాధనలు ఒకటి కానవసరం లేదు. మనుషులు ఒకరికొకరు తెలిసి ఉండాలి.

ఊళ్ళలో ఒకే వీధిలో ఉండే ఇళ్ళు మతాలవారీగా వేర్వేరు కాలనీలకు తరలుతున్న కాలం ఇది. పొరుగున లేనివారిని సహించడం చాలా తేలిక. ఎరుక కలగాలంటే మాత్రం గిన్నె అడిగేంత దగ్గరలో ఇల్లు ఉండాలి. అనువాదకులు, విమర్శకులు సహనం అనే మాటను వాడేముందు ఈ తేడాను గుర్తుంచుకోవడం అవసరం.