ఎండాకాలం సెలవులు, కథల పుస్తకాలు

వేసవి పఠనం అంటే పరీక్షతో పనిలేని చదువు. ఆంధ్రప్రదేశ్‌లో బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో ఆ రోజుల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దెక్కాక పిల్లలు ఇంటిపట్టునే ఉండాలి. కథల పుస్తకాలకు అంత తీరిక ఏడాదిలో మళ్లీ దొరకదు. పిల్లలు అక్షరాలు దిద్దుకునే రాతిపలకలను ఎక్కడెక్కడికో పంపిన ఊరు మార్కాపురం. అక్షరం వచ్చిన పిల్లలకు ఆ తర్వాత కావలసింది నచ్చిన కథే.

పుస్తకాలకు మొదటి చోటు శాఖా గ్రంథాలయం. ఇవి సాధారణంగా ఉదయం, సాయంత్రం తెరిచి, నడి ఎండలో మూసి ఉంటాయి. పొద్దున్నే వెళ్లి పుస్తకం తెచ్చుకుని, మధ్యాహ్నం ఇంట్లో చదువుకోవడానికి ఈ వేళలు చక్కగా కుదురుతాయి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అంటే పన్ను కట్టే ప్రతి ఇంటికీ గ్రంథాలయ బీరువాల మీద హక్కుంది. వేసవిలో గ్రంథాలయాలు నడిపే విజ్ఞాన శిబిరాల్లో చదివించడం, కథలు చెప్పించడం ప్రధానంగా ఉంటాయి.

పుస్తకాన్ని ఎంచుకోవలసింది చదివేవారే. పెద్దలు నీతి కోసం, మార్కుల కోసం చేతిలో పెట్టిన పుస్తకం చాలాసార్లు మూడో పేజీ దగ్గరే ఆగిపోతుంది. ఫ్రెంచ్ రచయిత డానియల్ పెనాక్ 1992లో పాఠకుడికి పది హక్కులు రాసిపెట్టాడు. పేజీలు దాటేయడం, పుస్తకాన్ని సగంలో వదిలేయడం, చదివిందే మళ్లీ చదవడం వాటిలో ఉన్నాయి. బడిలో మొదటి రెండూ తప్పులే. సెలవుల్లో ఈ మూడింటికీ చోటివ్వాలి.

పైకి చదివి వినిపించడం మరో పద్ధతి. కూడబలుక్కుని చదివే పిల్లలకు అక్షరాలతోనే శ్రమంతా అయిపోయి కథ అందదు. అక్కో తాతో మొదటి రెండు పేజీలు గొంతు మార్చి చదివి, కథ పాకాన పడ్డాక పుస్తకం చేతికిస్తే తక్కినది పిల్లలే లాక్కుని చదువుతారు. చదివిన కథను రాత్రి మిద్దె మీద సొంత మాటల్లో చెప్పించడం దీనికి కొనసాగింపు. అక్కడ ప్రశ్నలు అడగకూడదు. అడిగితే అది మళ్లీ పరీక్షే.

1947 జూలైలో మొదలైన చందమామ ఈ చదువుకు బాగా సరిపోయిన పత్రిక. చిన్న కథ ఒక్క బిగిన పూర్తయ్యేది. ధారావాహిక వచ్చే నెల దాకా ఎదురుచూసేలా చేసేది. చదివే అలవాటు తప్పిన పెద్దలు కూడా లావుపాటి నవలతో కాకుండా చిన్నప్పటి చందమామ కథలతోనో, ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’తోనో మళ్లీ మొదలుపెట్టడం మేలు.

గ్రంథాలయం లేని పల్లెల్లో ఉన్న కొద్ది పుస్తకాలూ బడి బీరువాలోనే ఉంటాయి. అవి అవసరమైన రోజుల్లోనే దానికి తాళం పడటం అన్యాయం. చివరి పనిదినాన పుస్తకాలను పిల్లలకు పంచి, ఒక నోటుబుక్కులో పేర్లు రాసుకుంటే చాలు. చదవడం అయ్యాక ఒకరితో ఒకరు మార్చుకుంటారు. పేజీ చిరిగినా జరిమానా ఉండదని ముందే చెప్పాలి. ఆ భయంతోనే చాలా మంది పిల్లలు పుస్తకం ఇంటికి తీసుకెళ్లరు.