తిక్క మచ్చ కన్నా ముందే మేలుకునే చేను

వేరుశనగ విత్తిన నెలన్నరకు సాళ్ళ మధ్య నేల కనబడదు. అనంతపురం, కదిరి ప్రాంతాల ఎర్ర నేలల్లో చెనక్కాయ రైతు కోరుకునేది ఆ పచ్చదనాన్నే. దానివల్ల పదును త్వరగా ఆరదు, కలుపు తలెత్తదు. కానీ ముసురు పట్టిందంటే ఆ ఆకుల కిందే చెమ్మ నిలిచి శిలీంధ్రాలకు చోటిస్తుంది.

అడుగు ఆకుల్ని తిప్పి చూస్తే ఏ తెగులో తెలిసిపోతుంది. తొలిదశ తిక్క మచ్చ ఆకు పైన గోధుమ రంగులో, చుట్టూ పసుపు వలయంతో ఉంటుంది. మలిదశ మచ్చ గుండ్రంగా, ఆకు అడుగున కారునలుపుగా కనిపిస్తుంది. ఆకు అడుగున ఇటుక రంగు పొక్కులుండి, రుద్దితే వేలికి పొడి అంటుకుంటే తుప్పు తెగులు. మొక్క మొదట్లో తెల్లని బూజు, ఆవగింజలంత ఉండలు కనిపిస్తే కాండం కుళ్ళు.

పంట లేని రోజుల్లో ఇవి ఎక్కడ తలదాచుకుంటాయన్నదే అసలు ప్రశ్న. తిక్క మచ్చ శిలీంధ్రం నిరుటి ఆకు చెత్తలో ఉంటుంది. కాండం కుళ్ళు ఉండలు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. తుప్పు తెగులు, చేలో మిగిలిన కాయల నుంచి తమంతట తామే మొలిచిన మొక్కల్ని పట్టుకుని ఉంటుంది. పాత సేద్యపు పద్ధతులు చాలావరకు ఈ స్థావరాల మీదే దెబ్బ కొడతాయి.

వేసవిలో లోతుగా దున్నితే చెత్త, ఉండలు అడుగున పూడిపోతాయి. మరుసటి ఏడు జొన్నో సజ్జో కొర్రో వేస్తే తిక్క మచ్చకు ఆశ్రయం దొరకదు. తమంతట తాము మొలిచిన మొక్కల్ని పీకేస్తే తుప్పుకు వంతెన తెగుతుంది. ఏడు సాళ్ళ వేరుశనగకు ఒక సాలు కంది వేసే అలవాటు కూడా చేను మొత్తం ఒకే పంటగా ఉండకుండా చూస్తుంది.

విత్తనం దగ్గర మరో జాగ్రత్త ఉంది. ఆవు పేడ, మూత్రం, సున్నం, గుప్పెడు మట్టితో చేసే బీజామృతంలో వేరుశనగ గింజల్ని నానబెట్టకూడదు. పైపొర పలుచన కాబట్టి ఊడిపోతుంది. పైన చిలకరించి, అరచేతులతో మెల్లగా కలిపి, నీడన ఆరబెట్టాలి. కాండం కుళ్ళు వచ్చే నేలల్లో 2 కిలోల ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రపు పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి ఆరకుండా రెండు వారాలు నీడలో ఉంచి ఎకరాకు చల్లుతారు. శిలీంధ్రాన్ని శిలీంధ్రంతోనే అణచే ఈ కొత్త పద్ధతి పాత పశువుల ఎరువులో చక్కగా ఇమిడిపోయింది.

ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యంలో బాగా ప్రచారంలో ఉన్నది పుల్లటి మజ్జిగ. మూడు నాలుగు రోజులు పులిసిన మజ్జిగ 5 లీటర్లను 200 లీటర్ల నీటిలో కలిపి పిచికారీ చేస్తారు. పాలకు శిలీంధ్రాన్ని అడ్డుకునే గుణం ఉందనడానికి ఆధారముంది. 1999లో బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్, నీళ్ళు కలిపిన ఆవు పాలు జుకినీ మొక్కల బూడిద తెగులును అదుపు చేశాయని ప్రచురించారు. అయితే బూడిద తెగులు ఆకు పైపైనే పెరుగుతుంది. తిక్క మచ్చ ఆకు కణాల్లోకి చొరబడుతుంది. అందుకే మచ్చలు చేనంతా పాకాక మజ్జిగ మీద భారం వేయడం సరికాదు. అప్పుడు వ్యవసాయాధికారి సలహాతో తగిన మందు వాడాల్సిందే. ఆలస్యం చేస్తే ఆకు రాలి దిగుబడిలో సగం దాకా పోవచ్చు.

ఇలాంటి పాత జ్ఞానాన్ని పరీక్షకు నిలపాలన్న పట్టుదలకు సికింద్రాబాదులో ఒక వేదిక ఏర్పడింది. అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన తెగుళ్ళ శాస్త్రవేత్త వై.ఎల్. నెనె 1994లో అక్కడ ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్‌ను స్థాపించారు. 1996లో ఆ సంస్థ సురపాలుడు రాసిన పాత మొక్కల వైద్య గ్రంథం వృక్షాయుర్వేదాన్ని నళినీ సాధలే ఆంగ్లానువాదంతో వెలువరించింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వేరుశనగ ఆ గ్రంథకర్తకు తెలియని పంట. ఆ పంటకు సరిపడే మెలకువల్ని సమకూర్చుకున్నది మన మెట్ట రైతులే. వాటిలో ఏది ఏ తెగులుకు, ఏ దశలో, ఎంతవరకు పనిచేస్తుందో చేనుచేనునా కొలిచి చూపే పని ఇంకా పెద్ద ఎత్తున జరగాలి.