ఆకలి, కరువు, భద్రత: అంతర్జాతీయ ఆహార పరిభాష తెలుగు రూపాలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆకలి నిర్మూలన, సుస్థిర వ్యవసాయం లక్ష్యాలుగా సాగుతున్న అంతర్జాతీయ ప్రయత్నాలు తెలుగు పాఠకునికి పత్రికల ద్వారా, పాఠ్యపుస్తకాల ద్వారా, ప్రభుత్వ ప్రకటనల ద్వారా చేరుతున్నాయి. ఈ క్రమంలో ఏర్పడిన కొన్ని అనువాద పదాలు మూల భావనలోని కారణాన్ని, హక్కును మరుగుపరుస్తున్నాయని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. కరువు, ఆహార భద్రత, చిరుధాన్యాలు అనే మూడు పదాలకు ఈ పరిశీలన పరిమితం.

కీలకపదాలు: ఆకలి, కరువు, క్షామం, ఆహార భద్రత, ఆహార సార్వభౌమత్వం, చిరుధాన్యాలు, అనువాదం.

1. ఉపోద్ఘాతం:
2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో రెండవది 2030 నాటికి ఆకలిని అంతం చేయడం, సుస్థిర వ్యవసాయాన్ని ప్రోత్సహించడం. ఆహార వ్యవసాయ సంస్థ మరో నాలుగు ఐక్యరాజ్యసమితి సంస్థలతో కలిసి వెలువరించిన నివేదిక ప్రకారం 2024లో సుమారు 67 కోట్ల 30 లక్షల మంది ఆకలిని ఎదుర్కొన్నారు. గడువుకు, వాస్తవానికి మధ్య ఉన్న దూరాన్ని ఈ అంకె చెబుతుంది.

ఈ లక్ష్యాన్ని తెలుగులో ‘సున్నా ఆకలి’, ‘ఆకలి లేని లోకం’ అని వ్యవహరిస్తున్నారు. తెలుగులో ‘ఆకలి లేదు’ అనడం రోగలక్షణం చెప్పడం. ఆకలి పుట్టడం ఆరోగ్యానికి గుర్తు. పోవలసింది ఆకలి కాదు, పస్తు, అర్ధాకలి, ఆకలిచావు. ఈ తేడాలను పలికే మాటలు భాషలో ఉండగా వాటిని వదిలి, అంకెతో కూడిన నినాదాన్ని యథాతథంగా దించుకోవడం జరిగింది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ ఇదే ధోరణి మరింత కీలకమైన పదాలలోనూ కొనసాగింది.

2. కరువు - కారణాన్ని కప్పిన మాట:
తెలుగులో ‘కరువు’ అనే ఒక్క పదం వానలు లేకపోవడాన్ని, ధాన్యం దొరకకపోవడాన్ని, జనం తిండిలేక చనిపోవడాన్ని సూచిస్తుంది. 1832-33 నాటి గుంటూరు ప్రాంతపు నందన కరువు, 1876-78 నాటి ధాత కరువు సంవత్సర నామాలతో జనస్మృతిలో నిలిచాయి. ఆ రోజులలో వానకు, చావుకు మధ్య దూరం తక్కువ కనుక ఒకే మాట సరిపోయిందనుకోవచ్చు. అయితే వలసపాలనలోని ఎగుమతులు, పన్నులు ఆ దూరాన్ని ఇంకా తగ్గించాయన్న సంగతి కూడా ఆ మాట వెనుకే ఉండిపోయింది.

నేడు వర్షాభావం వల్ల ప్రభుత్వం ప్రకటించేవి ‘కరువు మండలాలు’. 2024 ఆగస్టులో సూడాన్‌లోని ఉత్తర డార్ఫూర్‌లో ఉన్న జమ్‌జమ్ శిబిరంలో అంతర్జాతీయ నిపుణుల సంఘం నిర్ధారించిన స్థితినీ ‘కరువు’ అనే రాస్తే, చదివేవారి చూపు ఆకాశం వైపు మళ్లుతుంది. అక్కడి విపత్తుకు ప్రధాన కారణం యుద్ధం, సహాయం చేరకుండా అడ్డుకోవడం. ఆహారం లేకపోవడం వేరు, ఉన్న ఆహారం మనిషికి అందకపోవడం వేరు అని అమర్త్యసేన్ 1981లోనే సిద్ధాంతీకరించారు. ఈ విచక్షణను నిలపాలంటే వానలేమిని ‘అనావృష్టి’ అని, మానవ కారణాలతో కూడిన సామూహిక ఆకలిచావుల స్థితిని ‘క్షామం’ అని విడదీయాలి. రెండూ కొత్త పదాలు కావు.

3. ఆహార భద్రత - రెండు చట్టాలు, ఒకే మాట:
1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార శిఖరాగ్ర సదస్సు ఆహార భద్రతను నిర్వచించింది. అందరికీ, అన్ని వేళలా, చాలినంత, హానిలేని, పోషకాలున్న ఆహారం భౌతికంగా, ఆర్థికంగా అందుబాటులో ఉండడం దాని సారం. ఇందులో ‘హానిలేని’ అన్నది ఒక అంశం మాత్రమే. తెలుగులో మాత్రం 2006 నాటి ఆహార ప్రమాణాల చట్టానికీ, 2013 నాటి జాతీయ ఆహార చట్టానికీ ‘భద్రత’ అనే మాటే వాడుకలో ఉంది. మొదటిది కల్తీని అరికట్టేది. రెండవది నెలకు మనిషికి 5 కిలోల ధాన్యాన్ని హక్కుగా ఇచ్చేది. అంశానికీ, సమగ్ర భావనకూ ఒకే పేరు కావడంతో రెండూ మసకబారాయి. తెలంగాణలో ‘ఆహార భద్రతా కార్డు’ అంటే రేషన్ కార్డు; కనుక సామాన్య వ్యవహారంలో భద్రత అంటే బియ్యం.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. 1983 నాటి కిలో రెండు రూపాయల బియ్యం పథకం నుండి నేటి వరకు ఈ బియ్యమే పేదల పస్తులను తగ్గించింది కదా అని. అది కాదనలేని సత్యం. కానీ ఆ బియ్యాన్ని ఎవరు పండించాలి, ఏ నేలలో, ఎవరి విత్తనంతో అనే ప్రశ్నలు ఆ మాటలో ఇమడవు. అదే 1996లో ‘వియా కంపెసీనా’ అనే అంతర్జాతీయ రైతు ఉద్యమం ‘ఆహార సార్వభౌమత్వం’ అనే భావనను ముందుకు తెచ్చింది. 2018లో ఐక్యరాజ్యసమితి రైతుల హక్కుల ప్రకటనలో విత్తన హక్కు చేరింది. తెలుగులో ‘భద్రత’ కార్డు మీదికి ఎక్కింది. ‘సార్వభౌమత్వం’ సదస్సుల పత్రాలను దాటి రాలేదు.

4. చిరుధాన్యాలు - పేరులోని చిన్నచూపు:
భారతదేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ‘ముతక ధాన్యాలు’, ‘తృణధాన్యాలు’, ‘చిరుధాన్యాలు’, ‘సిరిధాన్యాలు’, ‘శ్రీ అన్న’ - ఈ పేర్ల వరుస ఒక హోదా చరిత్ర. పల్నాటి జొన్నకూటిని ఎత్తిపొడిచే చాటువులు శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉండడం వరి తినేవారి చూపు ఎంత పాతదో చెబుతుంది. నేటి ‘సిరి’ ఆ అవమానానికి ప్రాయశ్చిత్తంలా కనిపించినా, అది పట్టణ వినియోగదారుని ఆరోగ్యం వైపు నుండి వచ్చిన గౌరవం. పండించేవారి వైపు నుండి వచ్చింది కాదు.

పండించేవారికి సమూహవాచకం అవసరం తక్కువ. వారికి ఉన్నవి జొన్న, సజ్జ, కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ. ఒకే పంట ఉత్తరాంధ్రలో చోడి, తెలంగాణలో తైదలు, మరోచోట రాగి. ప్రతి పేరు వెనుక ఒక నేల, ఒక అదను, ఒక వంట ఉన్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత మహిళా రైతులు, నీటిపారుదల, రసాయన ఎరువులు కోరకుండా పండే పంటలను ‘సత్యం పంటలు’ అన్నారు. సుస్థిర వ్యవసాయానికి ఇంతకు మించిన నిర్వచనం అనువాదాలలో దొరకదు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ పురస్కారం ప్రకటించింది. వారి పనిని ప్రపంచం గుర్తించింది. వారి మాటను మన పరిభాషా నిర్మాతలు ఇంకా గుర్తించవలసి ఉంది. ఇందుకు భిన్నంగా ‘ప్రకృతి వ్యవసాయం’ అనే సులభమైన పేరు ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో నిలబడింది. ఆ కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ పురస్కారం పొందిన ముగ్గురిలో ఒకటి. రైతు పలకగలిగిన మాట విధానానికి అడ్డంకి కాదని ఇది చూపుతుంది.

5. ముగింపు:
పరిభాషలో ఏకరూపత అవసరమే. దేశాల మధ్య గణాంకాలను పోల్చడానికి స్థిరమైన పదాలు కావాలి. అయితే ఏకరూపత పేరిట కారణం, హక్కు, సాగుచేసే మనిషి కనుమరుగు కాకూడదు. పై పరిశీలన ఆధారంగా కింది విషయాలు ప్రతిపాదించవచ్చు.

- ‘అనావృష్టి’, ‘క్షామం’ అనే పదాలను వేర్వేరు అర్థాలలో నియతంగా వాడాలి.
- కల్తీ, కాలుష్యం లేని స్థితిని ‘ఆహార నిరపాయత’ అని, అందుబాటుకు సంబంధించిన భావనను ‘ఆహార భద్రత’ అని వేరుచేయాలి.
- వ్యవసాయ పదకోశాలలో ప్రాంతీయ పంటల పేర్లను, సాగు మాటలను పర్యాయాలుగా కాక ప్రధాన ఆరోపాలుగా చేర్చాలి.

విశ్వవిద్యాలయ తెలుగు శాఖలలో మాండలిక వృత్తిపదకోశాల కృషి ఇదివరకే ఉంది. దానిని ఆహార విధాన పత్రాల అనువాదంతో అనుసంధానించడం పరిశోధకులు చేపట్టదగిన పని. తన హక్కును తన మాటలో చదవలేని రైతు దానిని అడగలేడు. ఆ మాటను సిద్ధం చేయడం భాషాధ్యయనం బాధ్యత.