ఎక్కడి నుంచి కొలవాలి?

పంపు కేసింగ్ కాస్టింగ్‌కు ఒళ్లంతా వంపులే. బయట తిన్నని అంచు ఒక్కటీ దొరకదు. అలాంటి దాని మీద బోల్టు బెజ్జాలకు కొలతలివ్వాల్సి వచ్చినప్పుడు చాలామంది బయటి అంచు పట్టుకుని, అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత అని వేసి, పక్కన ±0.1 అని రాసేస్తారు. అది పోతపోసిన అంచు. ప్యాటర్న్ అరిగినా, అచ్చు జరిగినా దాని చోటు మారుతుంది. దాని నుంచి మిల్లీమీటరులో పదోవంతు అడగడం నాకు మింగుడుపడదు.

డేటమ్, అంటే కొలతలకు ఆధారం, ఎంచేముందు ఆ భాగాన్ని మెషీన్‌లో బిగించినట్టు ఊహించుకుంటాను. కేసింగ్ ఫ్లాంజ్ ముఖం మీద కూర్చుంటుంది, అది ఏ. స్పిగాట్ బోరు దాన్ని నడిమధ్యకు తెస్తుంది, అది బీ. డోవెల్ బెజ్జం తిరగనివ్వదు, అది సీ. ఈ వరస ముఖ్యం. బోరు ముఖానికి ఏ కాస్తో ఒరిగే ఉంటుంది కాబట్టి ఏ, బీలను తారుమారు చేస్తే ఒకే ముక్కకు రెండు కొలతలొస్తాయి. డిజైనరూ ఇన్‌స్పెక్టరూ గొడవపడేది చాలాసార్లు ఇక్కడే.

మరి ఆ ఫ్లాంజ్ ముఖాన్ని మొదటిసారి కోయడానికి కాస్టింగ్‌ను దేని మీద నిలపాలి? అందుకే డేటమ్ టార్గెట్లు: కింద మూడు బిందువులు, పక్కన రెండు, చివర ఒకటి. పొయ్యికి రాళ్లు మూడే ఎందుకో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నేల ఎగుడుదిగుడైనా కుండ ఊగదు. ఆ బిందువులు వీలైనంత దూరందూరంగా ఉండాలి, పార్టింగ్ లైనుకూ రైజర్ కోసిన చోటుకూ ఎడంగా ఉండాలి. ప్యాటర్న్ చేసేనాటికే అవి ఖరారైతే ఫౌండ్రీ, మెషీన్ షాపు, తనిఖీ గది అన్నీ ఒకే చోట్ల నుంచి కొలుస్తాయి.

ఇక టాలరెన్స్. ±0.1 అంటే చతురస్రం. దాని మూలన ఉన్న బెజ్జం కేంద్రం నుంచి 0.14 జరిగినా పాసు, నేరుగా పక్కకు 0.12 జరిగితే రిజెక్టు. ఇదేం న్యాయం? స్కాట్లాండ్‌లోని అలెగ్జాండ్రియా టార్పెడో కర్మాగారంలో పనిచేసిన స్టాన్లీ పార్కర్ 1930ల చివర్లోనే ఈ లోపం పట్టుకుని, గుండ్రటి హద్దు కావాలన్నాడు. ఆ మూలల గుండా గీసిన వృత్తం వైశాల్యం చతురస్రం కన్నా 57 శాతం ఎక్కువ.

ఎం8 బోల్టుకు కవర్‌లోనూ కేసింగ్‌లోనూ 9 మి.మీ. బెజ్జం వేస్తే, ఒక్కోదానికి 1 మి.మీ. వ్యాసం హద్దు ఇచ్చినా బోల్టు దూరుతుంది. బెజ్జం 9.2 అయితే ఇంకో 0.2 కలిసొస్తుంది. అక్కడ 0.1 అడిగితే ఖర్చే తప్ప నాణ్యత పెరగదు. కేసింగ్ బెజ్జానికి ట్యాప్ కొడితే మాత్రం ఆ 1 మి.మీ.ను రెండూ పంచుకోవాలి. పైగా ట్యాప్ కాస్త ఒరిగినా బోల్టు పైకొచ్చేకొద్దీ పక్కకు పోతుంది. అందుకే ఆ హద్దును కవర్ మందం మేరకు ముఖం పైన చూపించాలి. డ్రాయింగ్ చేతికి రాగానే నేను ముందు వెతికేది దాన్నే.