తెలుగు పుటకు తగిన బ్రౌజరు ఏది?

సీలేరు నదిపై డొంకరాయి వద్ద ఆనకట్ట కట్టి నిలిపిన నీరు కాలువ వెంట సాగి దిగువ సీలేరు విద్యుత్కేంద్రమును చేరుచున్నది. నీరు ఎంత నిండుగా వచ్చినను అచ్చటి చక్రము సరిగా తిరుగకున్నచో దీపము వెలుగదు. ఇంటర్నెట్టు పుటల సంగతియు ఇట్టిదే. దూరమునుండి మన ఫోనునకు వచ్చునవి అక్షరములు కావు. అంకెల రూపములోని సంకేతములు మాత్రమే. వానిని చదువదగిన పుటగా మార్చి చూపు యంత్రము బ్రౌజరు.

డొంకరాయిలో ఒక విద్యార్థిని ఉపకారవేతనపు దరఖాస్తును ఫోనులో తెరచినదనుకొందము. అక్షరముల చోట ఖాళీ గళ్ళు కనిపించినను, దరఖాస్తు పంపవలసిన మీట తెర వెలుపల పడినను, ఆమె ఆ పనికై కొండదారిన దిగి పట్టణమునకు పోవలసివచ్చును. కనుక బ్రౌజరును ఎన్నుకొనుట సరదా విషయమని తేలికగా తీసివేయరాదు.

తెలుగును సరిగా చూపుట యంత్రమునకు కొంత కష్టమైన పనియే. యూనికోడు అను అంతర్జాతీయ సంకేతపద్ధతిలో 1991లో మొదటి కూర్పునుండియే మన లిపికి 128 స్థానములు కేటాయింపబడినవి. 'స్త్రీ' అను మాటను తీసికొనుడు. చూచుటకు ఒక్క అక్షరము; లోపల మాత్రము వరుసగా ఆరు సంకేతములు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము. చిట్టచివర వచ్చిన గుడిదీర్ఘము వెనుకకు పోయి సకారము నెత్తిన కూర్చుండవలెను. తకార రేఫములు వత్తులై క్రిందికి దిగవలెను. ఇంగ్లీషు అక్షరములవలె ఒకదాని ప్రక్క ఒకటి పేర్చినచో చాలదు. ఈ కూర్పు తెలియని యంత్రము మాటను ముక్కలు చేసి చూపును.

ఈ కష్టమును తప్పించుకొనుటకు ఒకప్పుడు కొందరు అడ్డదారి త్రొక్కిరి. 2000 సంవత్సరపు ప్రాంతములో పేరున్న తెలుగు దినపత్రికలు సైతము తమ పుటలలో ఇంగ్లీషు అక్షరముల సంకేతములనే వాడి, వానికి తెలుగు ఆకారములు తొడిగిన సొంత ఫాంటులను జతచేసెడివి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అను బ్రౌజరులో అవి చక్కని తెలుగుగా కనిపించెడివి. పెక్కు ఇతర బ్రౌజర్లలో అర్థములేని రోమను అక్షరముల గుంపులుగా కనిపించెడివి. పాఠకులు తమ బ్రౌజరును నిందించిరి. నిజమునకు దోషము పుటదే. అందలి మాటను వెదకుటకు గాని, వేరొకచోట చేర్చుటకు గాని వీలులేకుండెను. నాగార్జున వెన్న రూపొందించిన 'పద్మ' అను ఉపకరణము ఫైర్‌ఫాక్సు బ్రౌజరులో చేరి, అట్టి పుటలను యూనికోడులోనికి మార్చి చూపినది. అది మెచ్చదగిన సేవ. ఐనను ఒకరి తప్పును మరియొకరు దిద్దవలసి వచ్చుట మంచి ఏర్పాటు కాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్టు సంస్థ 2022 జూన్ 15న విరమించినది. ఒక్క బ్రౌజరును నమ్ముకొని వ్రాసిన పుట ఆ బ్రౌజరుతోనే ముసలిదగును.

మరియొక సంఘటన మన పత్రిక పాఠకులకు ఆసక్తి కలిగించును. 'విజ్ఞానము'లోని 'జ్ఞా' అను అక్షరమున కంటికి కనిపించని ఒక విడదీత సంకేతము చేరినపుడు, 2018 ఫిబ్రవరిలో ఐఫోనులలోని పలు కార్యక్రమములు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ అదే నెల 19న సవరణ విడుదల చేసినది. ఆ లోపము ఫోను మూలవ్యవస్థలో నుండుటచే బ్రౌజరును మార్చినంత మాత్రమున తీరునది కాదు. కావున ఫోనునకు వచ్చు సవరణలను ఎప్పటికప్పుడు స్వీకరింపవలెను. బ్రౌజరు ఎంపికకన్న ముందుమాట ఇదే.

ఇక ఎంపిక. దుకాణములో పేర్లు అనేకము. లోపలి యంత్రములు మాత్రము ముఖ్యముగా మూడే. క్రోము, ఎడ్జి, ఒపెరా, బ్రేవు మొదలగువాని యంత్రము బ్లింకు, ఫైర్‌ఫాక్సుది గెకో, సఫారీది వెబ్‌కిట్. మన దేశములోని ఐఫోనులలో ఏ పేరుగల బ్రౌజరైనను వెబ్‌కిట్ పైననే నడచును. కనుక క్రోములో చెడిన పుటను ఎడ్జిలో తెరచి చూచుట, ఒకే బావిలో రెండు చేదలు వేయుట వంటిది. ఆండ్రాయిడు ఫోనులో క్రోముతోపాటు ఫైర్‌ఫాక్సును ఉంచుకొనుట మేలు. రెండును తెలుగు కూర్పునకు హార్ఫ్‌బజ్ అను సాధనమునే వాడుచున్నవి. తెలుగు మాటలను చూపుటలో వీనిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనుటకు లేదు. క్రోముతో మాత్రమే పరీక్షించి విడిచిన పుటలు ఫైర్‌ఫాక్సులో తడబడవచ్చును. ఇది దానిని వాడువారు ఎదుర్కొను చిక్కు. ప్రకటనలను తొలగించి వ్యాసమును మాత్రమే చూపు పఠన సదుపాయము దాని సుగుణము.

సంకేతము అంతంతమాత్రమైన కొండప్రాంతములలో ఒపెరా మినీ వంటి బ్రౌజర్లను మెచ్చుకొనువారు గలరు. దాని గట్టి పొదుపు పద్ధతిలో పుటను దూరపు కంప్యూటరు ముందే కుదించి పంపును. డేటా ఖర్చు తగ్గును. వార్తలు చదువుటకు అది చాలును. దరఖాస్తులు నింపుటకు, సొమ్ము చెల్లించుటకు దానిని నమ్ముట తగదు. పుటలోని కదలికలలో కొన్ని ఆ కుదింపులో పనిచేయవు.

పాఠకులు స్వయముగ చేయదగిన పరీక్ష ఒకటి కలదు. 'స్త్రీ, జ్ఞానము, కార్యము, రాష్ట్రము, వాఙ్మయము' అను మాటలను బ్రౌజరులో వ్రాసి చూడుడు. వత్తులు తమ స్థానములలో కుదిరినచో ఫోను, బ్రౌజరు రెండును మంచివే. పిదప చిక్కు పెట్టిన పుటలోని ఒక వాక్యమును ఎత్తి వేరొకచోట పెట్టుడు. అది తెలుగుగానే నిలిచినచో పుట యూనికోడులో నున్నది. రోమను అక్షరములుగా మారినచో దోషము పుటదే. అపుడు బ్రౌజరును మార్చుటకన్న ఆ పుటను నడపువారికి ఉత్తరము వ్రాయుట ఉచితము.

'ఫలానా బ్రౌజరులోనే తెరువుడు' అని వ్రాసిన ప్రతి పుటయు తన పనిని చదువరి నెత్తిన వేయుచున్నది. 1994లో ఏర్పడిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం మొదలగు సంస్థలు అందరికి ఉమ్మడి నియమములను కూర్చినది ఈ భారము తప్పించుటకే. ఆ నియమములను పాటించు బ్రౌజరును మనము ఎన్నుకొందము. పాటించు పుటలను వ్రాయుడని అడుగుదము. డొంకరాయి విద్యార్థినికి కొండ దిగు శ్రమ తప్పవలెనన్న ఈ రెండును కావలెను.