మచ్చ వేరు, గుంట వేరు

బద్వేలు లాంటి ఊళ్లో పదో తరగతి పిల్లకు ముఖం నిండా మొటిమలొస్తే ముందు ఇంటి వైద్యమే. మైదుకూరు పొలాల పసుపు, నిమ్మరసం, టూత్‌పేస్టు వరసగా ముఖానికెక్కుతాయి. నిమ్మ పులుపూ పేస్టు ఘాటూ అసలే వాచిన చర్మాన్ని ఇంకా మండిస్తాయి. తగ్గకపోతే మందుల షాపు. అసలు ప్రమాదం అక్కడుంది.

మొటిమకు మూలం మురికి కాదు. ఈడొచ్చాక ఆండ్రోజన్ హార్మోన్ల వల్ల నూనె గ్రంథులు ఎక్కువగా ఊరుతాయి. ఆ జిడ్డులో రాలిన కణాలు కలిసి రోమకూపాన్ని మూసేస్తాయి. నోరు తెరిచి ఉంటే బ్లాక్‌హెడ్, చర్మం కప్పేస్తే వైట్‌హెడ్. ఆ నలుపు మట్టి కాదు కనుక ఎంత రుద్దినా పోదు. లోపల క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరిగి వాపు తెస్తే ఎర్రటి పొక్కులు, చీము పొక్కులు. లోతుకు దిగితే ముట్టుకుంటే నొప్పి పుట్టే గడ్డలు. నుదుటి మీదే సన్నగా లేస్తుంటే తలనూనెను అనుమానించాలి. నెలసరి తప్పుతూ గడ్డం, దవడల దగ్గర వస్తుంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య పీసీఓఎస్ ఉందేమో చూపించుకోవాలి.

మొటిమ మానాక మిగిలేవీ ఒక రకం కావు. చామనఛాయ చర్మంలో వాపు తగ్గిన చోట రంగు పేరుకుని నల్లమచ్చ పడుతుంది. నెలలు పట్టినా అది చాలావరకు వెలిసిపోతుంది. కడప ఎండకు మాత్రం ఇంకా ముదురుతుంది, సన్‌స్క్రీన్ కావాలి. గుంట సంగతి వేరు. గడ్డ లోతుగా వాచినా, గోళ్లతో గిల్లినా చర్మాన్ని బిగువుగా నిలిపే లోపలి కొల్లాజెన్ దెబ్బతిని చర్మం కుంగుతుంది. దాన్ని ఏ క్రీమూ పూడ్చలేదు. అందుకే పెద్ద గడ్డలుంటే ఆలస్యం చేయకుండా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

తెల్లబడటానికంటూ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. మొదట ఎరుపు తగ్గి ముఖం తేటపడుతుంది. మానేస్తే మొటిమలు విరుచుకుపడతాయి, వాడేకొద్దీ చర్మం పలచబడి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, ఆడపిల్లలకు ముఖంపై వెంట్రుకలూ మొలుస్తాయి. చర్మవైద్యుల పోరు ఫలించి, 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు.

ట్యూబు కొనేముందు వెనకున్న చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అనే పేర్లలో ఏదైనా కనిపిస్తే, డాక్టరు రాయనిదే పిల్లల ముఖానికి పూయకండి.