మెట్ల మైనం

పెరంబూరు ఎండలకు ఈ వారం ఒక వీణ డీలాపడింది. కాలమిస్టు మేనకోడలిది. మైనం మెత్తబడి మూడు మెట్లు ఒరిగిపోయాయి. వీణకు మెట్లు అమర్చి మేళం కట్టే పెద్దాయన వచ్చి హాల్లో చాప మీద కూర్చున్నారు. నల్లటి మైనాన్ని వేళ్లతో నులిమి మెట్టు కింద ఒత్తడం, తీగ మీటి చెవి ఒగ్గి వినడం, వెంట్రుకవాసి జరపడం, మళ్లీ మీటడం. ఇలా 24 మెట్లకూ.

"ఇదంతా రఘునాథ నాయకుల ఏర్పాటమ్మా" అన్నారు పిల్లతో, దణ్ణం పెట్టినంత భక్తిగా.

తంజావూరు రాజు పేరు వినగానే కాలమిస్టుకు చిర్రెత్తుకొచ్చింది. రాజుల భోగాలకు మురిసిపోవడం ఆయనకు గిట్టదని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. రఘునాథుడి కొడుకు విజయరాఘవ నాయకుడు కవయిత్రి రంగాజమ్మకు చేసిన కనకాభిషేకం కావేరి రైతు కట్టిన శిస్తు కాదా?

ఆ కోపంలోనే, రాజభోగంలో పుట్టిన సంగీతం అనగానే ఆయనకు చైనా గుర్తొచ్చింది. అక్కడ మింగ్ వంశపు రాకుమారులకు దండిగా భత్యం ఉండేది. పెత్తనం మాత్రం ఉండేది కాదు, సెలవు లేనిదే ఊరు దాటకూడదు. వాళ్ల తీరికంతా కళల మీదికి మళ్లింది. నింగ్ రాకుమారుడు ఝూ చ్వాన్ 1425లో చిన్ అనే తంత్రీవాద్యానికి స్వరలిపి సంపుటం అచ్చు వేయించాడు. దొరుకుతున్నవాటిలో అదే అన్నిటికన్నా పాతది. 1630లలో లూ రాకుమారుడు ఝూ చాంగ్‌ఫాంగ్ అదే వాద్యాలు లెక్కకు మిక్కిలిగా చేయించాడు. ఒక్కోదాని మీద వరుస సంఖ్య చెక్కించి కానుకలుగా పంచాడు. 1646లో మంచూలు అతణ్ణి చంపేశారు. ఆ వాద్యాలు కొన్ని ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి.

ఇక మన రఘునాథుడి సంగతి. ఆయన తంజావూరు ఏలింది 1600 నుంచి 1634 దాకా. అంతకుముందు రాగాన్ని బట్టి మెట్లు జరుపుకునే వీణలు ఉండేవి. రఘునాథుడు, మంత్రి గోవింద దీక్షితుల కాలంలో 24 మెట్లు స్థిరపడ్డాయని సంగీతజ్ఞుల మాట. రెండు స్థాయిలు, స్థాయికి 12 స్వరస్థానాలు. ఇక ఏ రాగానికైనా ఆ మెట్లే.

కాలమిస్టు ఇక్కడే ఆగిపోయాడు. వీణ మీది దంతపు నగిషీ భోగమే, ఒప్పుకోవాలి. ఆ చోట ఇప్పుడు ప్లాస్టిక్ పట్టీ వచ్చింది, నాదానికి వచ్చిన లోటేమీ లేదు. మెట్ల లెక్క అలాంటిది కాదు. అది కోట దాటింది. బొబ్బిలి జమీందారీ పోయినా, పక్కనే గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు పనస దుంగ తొలిచి వీణలు చేస్తూనే ఉన్నాయి. ఆ వీణల మీదా 24 మెట్లే. శిస్తు కట్టిన రైతుకు రాజు బాకీ తీరలేదు. అయినా పెద్దాయన పెట్టిన దణ్ణం తప్పనడానికి కాలమిస్టుకు నోరు రాలేదు.

మైనం గట్టిపడ్డాక మేనకోడలు మాయామాళవగౌళలో సరళీలు వాయించి, మోహనలో గీతం అందుకుంది. ఒక్క మెట్టూ కదపలేదు.